వంపు అచ్చుల మీద కట్టర్ గీతలు: స్టెప్‌ఓవర్, ప్రోగ్రామ్, హోల్డర్, పాలిష్... దేని మీద ఖర్చు పెట్టాలి?

కేవిటీని (అచ్చులో గుంట భాగాన్ని) మెషిన్ మీద నుంచి దించి ట్యూబ్‌లైటు కింద వాల్చి చూస్తే గీతలు కనిపించాయి. ఇలాంటప్పుడు ఎక్కువ షాపుల్లో మొదట చేసే పని స్టెప్‌ఓవర్‌ను (కట్టర్ నడిచే పక్కపక్క లైన్ల మధ్య దూరాన్ని) సగం చేసి మళ్లీ నడపడం. బెంగళూరు పీణ్యలో అయినా బొమ్మసంద్రలో అయినా జాబ్‌వర్క్ షాపుకు మెషిన్ గంటే డబ్బు. గంటంపావు ఫినిషింగ్ రెండున్నర గంటలవుతుంది, గీతలు మాత్రం అలాగే ఉంటాయి. చాలాసార్లు ఆ గీతలకూ స్టెప్‌ఓవర్‌కూ సంబంధమే ఉండదు.

అందుకే ఈ పోలికలో ప్రతి కారణాన్నీ మైక్రాన్లలోకి మార్చి పక్కపక్కన పెడుతున్నాం. ఏది పెద్ద అంకె అయితే ముందు దాని మీద ఖర్చు పెట్టాలి. లెక్కలన్నిటికీ ఒకే పనిని ఉదాహరణగా తీసుకుందాం: పీ20 ఉక్కు, 200 × 150 మి.మీ. వంపు కేవిటీ, 6 మి.మీ. రెండు పళ్ల కార్బైడ్ బాల్‌నోజ్ (కొన బంతిలా గుండ్రంగా ఉండే కట్టర్), 10,000 ఆర్‌పీఎం, పంటికి 0.1 మి.మీ. చొప్పున నిమిషానికి 2,000 మి.మీ. ఫీడ్ (టూల్ ముందుకు సాగే వేగం), 0.2 మి.మీ. స్టెప్‌ఓవర్, ఫినిషింగ్‌కు వదిలిన మెటల్ 0.1 మి.మీ.

## ముందు తేల్చుకోవాల్సినవి

చివరికి ఆ ముఖం ఎలా ఉండాలి? డ్రాయింగ్‌లో స్పార్క్ టెక్స్చర్ (విద్యుత్ మెరుపులతో తెచ్చే గరుకు) వీడీఐ 27 అని ఉంటే దాని ఆర్ఏ (సగటు గరుకుదనం) సుమారు 2.2 మైక్రాన్లు. మన ఉదాహరణలో 0.2 స్టెప్‌ఓవర్ లైన్ల మధ్య మిగిల్చే సన్నని గట్ల ఆర్ఏ అర మైక్రాన్ లోపే. స్పార్క్ పడ్డాక అవి కనిపించవు. వాటి కోసం గంటలు పోయడం దండగ. కెమికల్ ఎచింగ్ అయితే ఇలా అనుకోకూడదు. ఎచింగ్ అయ్యాక కూడా కట్టర్ గీతలు తొంగిచూస్తాయి, అందుకే ఎచింగ్ చేసేవాళ్లు ముందే స్టోన్ ఫినిష్ అడుగుతారు. అద్దంలాంటి ఏ-1 మెరుపు కావాలంటే డైమండ్ పాలిష్ ఎలాగూ తప్పదు. అక్కడ మిల్లింగ్ చేయాల్సింది అంతటా ఒకే లోతున్న, లోతైన గాట్లు లేని ముఖాన్ని అందించడం. ఈ రెండు కొసలకూ మధ్యనున్న స్టోన్, ఎమరీ స్థాయి ఫినిష్‌లలోనే కింది ఎంపికలు డబ్బును బాగా అటూ ఇటూ చేస్తాయి.

పార్టింగ్ లైన్, షట్‌ఆఫ్ ముఖాలు (అచ్చు రెండు సగాలు కలిసి మూసుకునే చోట్లు) ఎక్కడున్నాయి? వాటి పక్కన చేతి పాలిష్ ఎంత తక్కువైతే అంత మంచిది. అంచు గుండ్రమైతే మౌల్డింగ్‌లో ఫ్లాష్ (సందులోంచి బయటికి వచ్చే పలచని పొర) వస్తుంది.

మెషిన్ ఎంత మోయగలదు? గరిష్ఠ ఆర్‌పీఎం, కంట్రోలర్‌లో ఉన్న ఆప్షన్లు, ప్రోగ్రామ్ మెమరీ నుంచి నడుస్తుందా కేబుల్ ద్వారా వస్తుందా అన్నవి కాగితం మీద రాసుకోండి. చివరిది చాలామంది పట్టించుకోరు.

## గీతను చదవండి

పది రెట్లు పెంచి చూపే భూతద్దం, స్టీల్ స్కేలు ఉంటే చాలు. గీతల మధ్య దూరం కొలిస్తే సగం సంగతి తేలిపోతుంది.

| కనిపించేది | ఎక్కువగా కారణం |
|---|---|
| పొలం గట్లలా సమాన దూరంలో గీతలు, దూరం స్టెప్‌ఓవర్‌తో సమానం | బాల్ గుండ్రదనం వదిలిన గట్లు |
| వంపు మీద చెక్కిన రాయిలా చిన్న చిన్న చదునులు | క్యామ్ (ప్రోగ్రామ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) టాలరెన్స్, అంటే అది అనుమతించే తేడా, వదులుగా ఉండటం, లేదా ఎస్‌టీఎల్ (చిన్న త్రిభుజాలతో కట్టిన) మోడలే ముతకగా ఉండటం |
| గోడల మీద మెరుపు, అడుగు చదునులో మాత్రం మసక, చిరిగినట్టు | బాల్ కొనతో కోత |
| అడుగు శుభ్రంగా, నిటారు గోడల మీద గీతలు దూరం దూరంగా | గోడలకు సరిపడని టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) |
| క్రమం లేని గాట్లు, మెషిన్ ఆగి ఆగి నడిచినట్టు శబ్దం | బ్లాకులు (ప్రోగ్రామ్‌లోని లైన్లు) సమయానికి అందకపోవడం |
| అలల్లాంటి మచ్చలు, కూత | టూల్ కంపనం |
| వంపు శిఖరం మీద, లోయలో ఒకే గీత | యాక్సిస్ దిశ మారే చోట బ్యాక్‌లాష్ (కదిలే భాగాల్లోని వదులు) |
| ఒక లైను పైకి, ఒక లైను కిందికి | రాను పోను రెండు వైపులా కోయడం, టూల్ వంగడం |

ఇంకా అనుమానం ఉంటే, మిగిలిన ముక్క మీద అదే ప్రోగ్రామ్‌ను ఫీడ్ ఓవర్‌రైడ్ 50 శాతంలో నడపండి. గుర్తులు తగ్గినా, రూపం మారినా లోపం మెషిన్ కదలికలోనో, కంట్రోలర్‌లోనో, టూల్ వంగడంలోనో ఉంది. ఏమీ మారకపోతే ఎక్కువగా ప్రోగ్రామ్‌లోని రేఖాగణితమే కారణం. పది నిమిషాల ఈ పరీక్షకు బదులు రెండు రోజులు కట్టర్లు మార్చి చూసే షాపులే ఎక్కువ.

## మైక్రాన్ల లెక్క

గట్టు ఎత్తు సుమారుగా స్టెప్‌ఓవర్ వర్గాన్ని ఎనిమిది రెట్ల బాల్ వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. మన ఉదాహరణలో 0.04 ÷ 24, అంటే 1.7 మైక్రాన్లు. దీని పక్కన మిగతావి పెట్టి చూడండి.

- క్యామ్ టాలరెన్స్ 0.01 అని వదిలేస్తే: 10 మైక్రాన్ల దాకా తేడా
- సాధారణ ఈఆర్ కాలెట్‌లో (టూల్‌ను పట్టుకునే బిగింపులో) రన్‌అవుట్, అంటే తిరిగేటప్పుడు టూల్ పక్కకు ఊగడం: 10 మైక్రాన్లు మామూలే
- 60 డిగ్రీల గోడ మీద అదే 0.2 సమాంతర టూల్‌పాత్: గట్టు 6.7 మైక్రాన్లు
- 70 డిగ్రీల గోడ మీద: 14 మైక్రాన్లు
- 10 డిగ్రీల వాలు మీద 0.2 చొప్పున జెడ్ (నిలువుగా) దిగే టూల్‌పాత్: 55 మైక్రాన్లు

1.7ని 0.4కి దించడానికి మెషిన్ సమయం రెట్టింపు చేస్తూ, పక్కనే 10, 14, 55 ఉండగా చూడకపోవడమే ఈ పనిలో జరిగే అతిపెద్ద నష్టం.

## దారులు ఒక్కొక్కటిగా

### స్టెప్‌ఓవర్ తగ్గించడం

మన కేవిటీకి 0.2 మి.మీ. చొప్పున 750 లైన్లు, ఒక్కోటి 200 మి.మీ., మొత్తం 150 మీటర్లు. 2,000 ఫీడ్‌లో 75 నిమిషాలు. 0.1 చేస్తే 150 నిమిషాలు. గట్టు మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. టేబుల్‌లో మొదటి వరుసలోని గుర్తు కనిపిస్తేనే ఇది సరైన మందు.

దీనికన్నా చౌకైనది పెద్ద బాల్. ఫిల్లెట్లు (లోపలి మూలల గుండ్రదనం) ఒప్పుకుంటే 6 బదులు 10 మి.మీ. పెట్టండి, అదే 0.2లో గట్టు 1 మైక్రాన్‌కు వస్తుంది, సమయం పెరగదు. మూలల్లో మిగిలిన మెటల్‌ను చిన్న బాల్‌తో విడిగా తీయండి.

స్టెప్‌ఓవర్ బాగా తగ్గించి పంటి ఫీడ్‌ను ఎక్కువగా ఉంచితే ఫీడ్ దిశలో గట్లు లేస్తాయి. రెండూ దగ్గరదగ్గరగా ఉండటమే మేలు. 0.2 స్టెప్‌ఓవర్‌కు పంటికి 0.1 నుంచి 0.2 దాకా ఫర్వాలేదు.

### క్యామ్ టాలరెన్స్ బిగించడం

డబ్బు ఖర్చు లేకుండా అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపేది ఇదే. వంపును క్యామ్ చిన్న సరళరేఖలుగా విడగొడుతుంది. 20 మి.మీ. వ్యాసార్ధం వంపు మీద టాలరెన్స్ 0.01 అయితే ఒక్కో రేఖ 1.26 మి.మీ. పొడవు వస్తుంది. కంటికి స్పష్టంగా కనిపించే చదును అది. 0.002 చేస్తే 0.57 మి.మీ. అవుతుంది. ఫినిషింగ్‌కు 0.002 నుంచి 0.005 మధ్య పెట్టండి. రఫింగ్‌కు (మొదటి ముతక కోతకు) 0.02 నుంచి 0.05 చాలు, అక్కడ బిగిస్తే ఫైలు లావవడం తప్ప ఒరిగేది లేదు.

దానితోపాటు బిందువుల పంపిణీ కూడా చూడాలి. పక్కపక్క లైన్లలో బిందువులు చెల్లాచెదురుగా పడితే, టాలరెన్స్ సరిగ్గా ఉన్నా వెలుతురులో మచ్చలు మచ్చలుగా తేలుతుంది. గరిష్ఠ రేఖ పొడవును 0.3 నుంచి 0.5 మి.మీ.కు కట్టి, బిందువులు సమంగా పడే ఆప్షన్ ఉంటే పెట్టండి. కంట్రోలర్ తీసుకుంటే పోస్ట్‌ప్రాసెసర్‌లో (క్యామ్ దారిని మెషిన్ కోడ్‌గా మార్చే భాగంలో) నాలుగు దశాంశాలు ఇవ్వండి. దగ్గరదగ్గర బిందువులను మూడు దశాంశాలకు కుదిస్తే మెట్లు మెట్లుగా తయారవుతుంది.

కస్టమర్ ఎస్‌టీఎల్ పంపితే ఇవేవీ పనిచేయవు. చదునులు ఫైలులోనే ఉంటాయి. స్టెప్ ఫైలు (అసలు వంపులు అలాగే ఉండే రకం) అడిగి తీసుకోండి.

ఇక చిక్కు ఇక్కడ వస్తుంది. టాలరెన్స్ బిగిస్తే బ్లాకులు పెరుగుతాయి. పాత మెషిన్‌కు 9,600 బాడ్ కేబుల్ ద్వారా ప్రోగ్రామ్ పంపుతుంటే సెకనుకు సుమారు 960 అక్షరాలు వెళ్తాయి. బ్లాకుకు 24 అక్షరాలు అనుకుంటే సెకనుకు 40 బ్లాకులు. 0.57 మి.మీ. రేఖలతో నిమిషానికి 1,370 మి.మీ. దాటి మెషిన్ నడవలేదు. మీరు 2,000 అడిగారు కాబట్టి బ్లాకు కోసం ఆగుతుంది, ఆగిన చోటల్లా టూల్ రాపిడితో గాటు పడుతుంది. టాలరెన్స్ బిగించాక ఫినిష్ పాడైందని వచ్చే ఫిర్యాదుల వెనుక ఇది తరచు ఉంటుంది. మెమరీ కార్డు నుంచో డేటా సర్వర్ నుంచో నడపండి. ఆ వీలు లేకపోతే ఫీడ్‌ను 1,200కు దించండి, నెమ్మదిగా వెళ్లినా ఒకే వేగంతో వెళ్లనివ్వండి.

### కంట్రోలర్ మోడ్

ముందున్న బ్లాకులను చూసుకుంటూ వేగం సర్దే మోడ్‌ను ఆన్ చేయకుండా ఫినిషింగ్ నడపకూడదు. ఫానక్‌లో ఏఐ కాంటూర్ కంట్రోల్ ఉంటే జీ05.1 క్యూ1, ముగిశాక జీ05.1 క్యూ0. ఆర్1 నుంచి ఆర్10 దాకా స్థాయిలు కొనుక్కున్న మెషిన్లలో ఫినిషింగ్‌కు నాణ్యత వైపు ఉన్న స్థాయి ఎంచుకోండి. సీమెన్స్‌లో సైకిల్832, హైడెన్‌హైన్‌లో సైకిల్ 32 ఫినిషింగ్ మోడ్‌లో, హాస్‌లో జీ187 పీ3. పోస్ట్‌ప్రాసెసర్ వీటిని రాయకపోతే ఆపరేటర్ చేతితో చేర్చాలి. చాలా షాపుల్లో అది మరిచిపోయిన లైనే.

కంట్రోలర్ టాలరెన్స్ క్యామ్ టాలరెన్స్‌కు సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉండాలి. క్యామ్‌లో 0.003 ఉంటే ఇక్కడ 0.004, 0.005. మరీ తక్కువ ఇస్తే ప్రతి చిన్న మూలనూ మెషిన్ పట్టుకుంటుంది, మృదువుగా సాగదు. మరీ ఎక్కువ ఇస్తే పదును మూలలు గుండ్రమవుతాయి. మోడ్ లేని మెషిన్‌లో దాన్ని కొనాలా అంటే, వారంలో రెండు మూడు వంపు అచ్చులు చేసే షాపుకు కొత్త హోల్డర్లకన్నా ముందు ఇదే కొనమంటాం.

### టూల్‌పాత్ మార్చడం, టూల్ వాల్చడం

ఒకే సమాంతర టూల్‌పాత్‌తో మొత్తం కేవిటీని ముగించడం ప్రోగ్రామర్‌కు సులువు, పాలిషర్‌కు శిక్ష. 40–45 డిగ్రీల దగ్గర విడగొట్టి, నిటారు భాగాలకు జెడ్ స్థిరంగా ఉంచే టూల్‌పాత్, వాలు తక్కువ భాగాలకు సమాంతర టూల్‌పాత్ ఇవ్వండి. కలిసే చోట 1 మి.మీ. అతివ్యాప్తి ఉంచండి, లేదంటే అక్కడే గీత పడుతుంది. ఉపరితలం పొడవునా సమాన దూరం ఉంచే త్రీడీ టూల్‌పాత్ గట్లను అంతటా ఒకే ఎత్తులో ఇస్తుంది. కాకపోతే మూలల నుంచి లోపలికి వికర్ణ గీత మిగులుస్తుంది. కనిపించే ముఖానికి అది పనికిరాదు, లోపలి కోర్‌కు (అచ్చులో పొడుచుకొచ్చే సగానికి) భేషుగ్గా సరిపోతుంది.

ఇక బాల్ కొన సంగతి. కొన దగ్గర కోత వేగం సున్నా. 0.1 లోతులో 6 మి.మీ. బాల్ నిజంగా కోసే వ్యాసం 1.5 మి.మీ. మాత్రమే. 10,000 ఆర్‌పీఎంలో నిమిషానికి 188 మీటర్ల కోత వేగం ఉందనుకుంటాం, చదును మీద అందేది 48. ఉక్కు తెగకుండా రుద్దుకుంటుంది, అడుగంతా మసకబారుతుంది. టూల్‌ను ముఖానికి 15 డిగ్రీలు వాల్చితే కోసే వ్యాసం 3 మి.మీ. దాకా, వేగం 94కి చేరుతుంది. దాదాపు రెట్టింపు. ఐదు యాక్సిస్‌ల మెషిన్ ఉంటే, కదలకుండా బిగించిన కోణంలోనైనా ఇది చేయండి. మూడు యాక్సిస్‌ల మెషిన్‌లో చిన్న ఇన్సర్ట్ అయితే సైన్ వైస్ (కోణంలో పెట్టుకోగల వైస్) మీద వాల్చి పట్టుకోవచ్చు. పెద్ద ఉక్కు దిమ్మ అయితే చదునైన అడుగును బుల్‌నోజ్‌తో (అడుగు చదునుగా, అంచు మాత్రం గుండ్రంగా ఉండే కట్టర్‌తో) ముగించడమే దారి.

కోత దిశ ఒకటే ఉంచండి, క్లైంబ్ మిల్లింగ్‌లో (పన్ను చిప్‌ను మందంగా మొదలుపెట్టి పలచగా ముగించే కోతలో). రాను పోను కోస్తే సమయం ఆదా అయినా టూల్ వంగే దిశ లైను లైనుకూ మారి గట్లు ఎత్తుపల్లాలవుతాయి. సెమీ ఫినిషింగ్‌కు రెండు వైపులా కోసుకోండి.

### హోల్డర్, కట్టర్

రన్‌అవుట్ 10 మైక్రాన్లు ఉంటే రెండు పళ్లలో ఒకటే పనంతా మోస్తుంది. పంటికి 0.1 అనుకున్నది 0.2 అవుతుంది. ఫీడ్ దిశలో గట్టు 0.4 నుంచి 1.7 మైక్రాన్లకు లేస్తుంది, ఆ పన్ను కూడా త్వరగా అరుగుతుంది. ఫినిషింగ్ బాల్‌కు డయల్ మీద 5 మైక్రాన్ల లోపు చూపాలి. కాలెట్, నట్, స్పిండిల్ టేపర్ తుడిచి మళ్లీ బిగిస్తేనే చాలాసార్లు సగానికి తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే కాలెట్ మార్చండి. ష్రింక్‌ఫిట్, హైడ్రాలిక్ హోల్డర్లు 3 మైక్రాన్ల దగ్గర ఉంటాయి. ష్రింక్‌ఫిట్‌కు వేడిచేసే యంత్రం కూడా కొనాలి కాబట్టి ఒకటి రెండు మెషిన్ల షాపుకు హైడ్రాలిక్ నయం.

బయటికి పొడుచుకొచ్చే పొడవు అంతకన్నా ముఖ్యం. వంగడం పొడవు ఘనంతో పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. 40 మి.మీ. నుంచి 30కి తగ్గిస్తే వంగడం 42 శాతానికి పడిపోతుంది. 6 బదులు 8 మి.మీ. షాంక్ (టూల్ కాడ) ఉంటే మూడో వంతుకు. కేవిటీ అంతటికీ ఒకే పొడవు టూల్ వాడే అలవాటు మాని, లోతు తక్కువ చోట పొట్టి టూల్, లోతులో మాత్రం పొడవాటిది వాడండి.

కూత వినిపిస్తే ఫోన్‌లో ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ యాప్‌తో పట్టి చూడండి. 10,000 ఆర్‌పీఎం, రెండు పళ్లకు సెకనుకు 333 దెబ్బలు. శిఖరం 333 దగ్గరో దాని గుణిజాల దగ్గరో లేకపోతే అది టూల్ కంపనం. ఆర్‌పీఎంను 5–10 శాతం అటూ ఇటూ జరిపి, ఫీడ్‌ను అదే నిష్పత్తిలో మార్చండి.

నాలుగు పళ్ల బాల్ కొంటే ఫీడ్ రెట్టింపు చేయవచ్చనుకుంటారు. చాలా డిజైన్లలో కొన దాకా వచ్చేవి రెండే పళ్లు. వాలు తక్కువ భాగాలకు రెండు పళ్లదే సరైన ఎంపిక. హెచ్13 ఉక్కును 50 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనపు కొలత) దాకా గట్టిపరిచాక కోస్తుంటే కూలెంట్ వరద బదులు గాలి ఊది చిప్స్ తోలేయండి. వేడి–చల్లదనం మార్పుకు కార్బైడ్ అంచు పగులుతుంది.

### బ్యారెల్ కట్టర్

పక్క అంచు పెద్ద వంపుతో ఉండే కట్టర్. 85 మి.మీ. వంపు ఉన్నది తీసుకుంటే అదే 1.7 మైక్రాన్ల గట్టుకు స్టెప్‌ఓవర్ 1 మి.మీ. పైగా పెట్టొచ్చు, 6 మి.మీ. బాల్ కన్నా ఐదు రెట్లు. అంకె చూసి ఆశపడకండి. వంపు తక్కువగా, అడ్డంకులు లేని పెద్ద గోడలు ఉండాలి, ఐదు యాక్సిస్‌ల మెషిన్, దాన్ని నడిపే క్యామ్ మాడ్యూల్ కావాలి. చిన్న ఫిల్లెట్లు నిండిన కనెక్టర్ అచ్చుకు ఇది అక్కరకు రాదు.

### పాలిష్‌కు వదిలేయడం

320, 400, 600 స్టోన్లు, తర్వాత 6, 3, 1 మైక్రాన్ డైమండ్ పేస్టు. మంచి పాలిషర్ చేయి ఎన్నో లోపాలను దాస్తుంది. అయితే సమానమైన చిన్న గట్లు త్వరగా పోతాయి, చదునులూ కంపనపు అలలూ పోవు. స్టోన్ వాటి మీద తేలి, శిఖరాలను మెరిపించి, లోయలను వదిలేస్తుంది. వాటిని తీయాలంటే ఆకారమే మారేంత మెటల్ తీయాలి. పాలిష్‌కు పంపే ముందు ఆ రెండూ లేవని తేల్చుకోండి.

## ఒక్క చూపులో

| దారి | డబ్బు | మెషిన్ సమయం | చెడిపోయే తీరు |
|---|---|---|---|
| స్టెప్‌ఓవర్ సగం | లేదు | రెట్టింపు | తప్పు కారణానికి వాడటం |
| క్యామ్ టాలరెన్స్ | లేదు | దాదాపు అంతే | బ్లాకులు అందక గాట్లు |
| కంట్రోలర్ మోడ్ | ఆప్షన్ లేకపోతే ఉంది | కొంచెం పెరగొచ్చు | మూలలు గుండ్రం |
| టూల్‌పాత్ విడగొట్టడం | ప్రోగ్రామర్ సమయం | తరచు తగ్గుతుంది | కలిసే చోట గీత |
| హోల్డర్, పొట్టి టూల్ | మధ్యస్థం | తగ్గుతుంది | హోల్డర్ గోడకు తగలడం |
| బ్యారెల్ | ఎక్కువ | బాగా తగ్గుతుంది | ఆకారం సహకరించకపోవడం |
| పాలిష్ | గంటల లెక్క | లేదు | అంచులు పోవడం |

## ఎవరికి ఏది

మూడు యాక్సిస్‌ల వీఎంసీలు (నిలువు మిల్లింగ్ మెషిన్లు) ఒకటో రెండో, పాత కేబుల్ ఉన్న జాబ్‌వర్క్ షాపు: ముందు మెమరీ కార్డు, తర్వాత టాలరెన్స్ 0.003, కంట్రోలర్ మోడ్, తర్వాత టూల్‌పాత్ విడగొట్టడం. స్టెప్‌ఓవర్ 0.2 దగ్గరే ఉంచండి. ఇవి చేశాక మిగిలే గీతలకే పాలిషర్.

సొంత మౌల్డింగ్ ఉన్న టూల్‌రూమ్: హైడ్రాలిక్ హోల్డర్లు, పొట్టి టూల్స్ మీద పెట్టిన డబ్బు అన్ని అచ్చుల్లోనూ తిరిగొస్తుంది. డ్రాయింగ్‌లో ఏ ముఖానికి ఏ ఫినిష్ కావాలో డిజైనర్‌తో రంగులు వేయించండి. కనిపించని కోర్ ముఖాలకు 0.3 స్టెప్‌ఓవర్ చాలు, గట్టు 3.75 మైక్రాన్లే.

గట్టిపరిచిన ఉక్కు, లెన్స్ తరహా పని: కోణంలో వాల్చిన ఐదు యాక్సిస్‌ల ఫినిషింగ్ తప్పదు. సొంత మెషిన్ లేకపోతే ఆ ఒక్క ఆపరేషన్‌ను బయట చేయించడం, ఇంట్లో పాలిష్ గంటలు పోయడం కన్నా చవక పడుతుంది. 1972లో డెన్మార్క్ సహకారంతో బెంగళూరులో మొదలైన జీటీటీసీ (ప్రభుత్వ టూల్‌రూమ్, శిక్షణ కేంద్రం) రాజాజీనగర్‌లో బయటివారికి టూలింగ్ పనులు, కొలత సేవలు చేస్తుంది. ఆర్ఏ కొలిచే పరికరం లేనివాళ్లు కస్టమర్‌తో వాదన పెరగకముందే అలాంటి చోట కొలిపించుకోవడం మంచిది.

ప్రోగ్రామర్ ఒకచోట, మెషిన్ మరోచోట ఉన్నవాళ్లు: ఫైలుతోపాటు టూల్ పొడవు, అనుమతించే రన్‌అవుట్, కంట్రోలర్ మోడ్ లైను రాసి పంపండి. సగం గొడవలు ఆపరేటర్ 45 మి.మీ. బయటికి పెట్టి బిగించడంతో వస్తాయి.

ఏ దారి పట్టినా ఫినిషింగ్ మొదలయ్యే వేళను జాగ్రత్తగా ఎంచుకోండి. స్పిండిల్‌ను 15–20 నిమిషాలు వేడెక్కించి, అప్పుడు టూల్ పొడవు సెట్ చేయండి. భోజనానికి ఆపి మళ్లీ మొదలుపెడితే చల్లబడ్డ స్పిండిల్ పొట్టిదై, ఆపిన లైను దగ్గర వేలి గోటికి తగిలే మెట్టు వస్తుంది. 75 నిమిషాల పనిని పన్నెండు గంటలకు మొదలుపెట్టకండి. కరెంటు పోయి జనరేటర్‌కు మారే ప్రాంతమైతే మెషిన్‌కు యూపీఎస్ ఉందో లేదో ముందే చూసుకోండి. మధ్యలో టూల్ మార్చక తప్పని పెద్ద కేవిటీ అయితే, ఆ మార్పు కనిపించే ముఖం మీద కాకుండా పార్టింగ్ లైను దగ్గరో ఫిల్లెట్ అంచునో పడేలా ప్రోగ్రామ్‌ను ముందే విడగొట్టండి.